పిచ్చుకకు ఆఖరి కబురు

టైప్‌రైటర్ల రిపేరు షాపు వెనక గదిలో రెండే తూటాలు పేలాయి. ఒకటి మాస్టారి గుండెలోకి, రెండోది ఆయన పాత కంప్యూటర్‌లోకి దూసుకుపోయాయి. వచ్చిందెవరో గానీ ఇద్దరికీ సమాన మర్యాద చేసి వెళ్ళారు.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ మౌని చీఫ్ ముందు నిలబడ్డాడు. మౌని అతని అసలు పేరు కాదు. నోరు మెదపడని సర్వీసులో ఎవరో తగిలించారు, అదే మిగిలిపోయింది.

"మాస్టారు పోయారు," అన్నాడు చీఫ్.

మౌని వారానికోసారి టైప్‌రైటర్ బాగుచేయించుకునే నెపంతో ఆయన పక్కన కూర్చునేవాడు. ఆ ఒక్క సాయంత్రం తప్ప వారమంతా అతనితో కబుర్లాడే మనిషే లేడు.

"ఏడుపులు తర్వాత. పిచ్చుక సంగతి తెలుసుగా?"

తెలుసు. సరిహద్దు అవతల, శత్రుముఠా నడుమ ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉంటున్న మన ఏజెంటు. రోజూ సాయంత్రం ఆరింటికి ఐదు నిమిషాలు పాత రేడియో రిసీవర్ చెవికి ఆనించుకుంటుంది. మాస్టారు తన ప్రోగ్రామ్‌లో టైపు చేసిన మాటలు కూతలుగా మారి ఆమెను చేరేవి. చేరాయని ఆమె ఒక్క 'టిక్' కొట్టేది. మౌని ఎన్నోసార్లు విన్నాడు. ఆ టిక్‌తో అతనికి ఏదో బంధుత్వం ఉన్నట్టుండేది.

"ఈ రాత్రి ఆమె కలవబోయేది మనవాణ్ణి కాదు. ఉచ్చు. ఆరింటికి కబురు వెళ్ళకపోతే పిచ్చుక మనకు దక్కదు. ట్రాన్స్‌మిటర్ అటకమీద భద్రంగానే ఉంది. ప్రోగ్రామ్ కాపీ ఉందా?"

మౌని తాళాలగుత్తి తీశాడు. దానికి వేలాడే ఇత్తడి చేప నోరు తెరిస్తే లోపల పెన్‌డ్రైవ్.

"సరే. కొత్త ల్యాప్‌టాప్‌తో నిపుణురాలిని పంపుతున్నా. కోడ్ వర్డ్ గొడుగు."

ఫ్రిజ్ మెకానిక్ వేషంలో, భుజాన గ్యాస్ సిలిండర్‌తో మౌని షాపు చేరేసరికి ఆమె అప్పటికే అక్కడుంది. నల్లకళ్ళద్దాలు, పట్టులాంటి గొంతు, గదంతా పరిమళం.

"గొడుగు తెచ్చారా మెకానిక్ గారూ?"

"తడవడం అలవాటే."

ఆమె నవ్వి ల్యాప్‌టాప్ తెరిచి, అటకమీది ట్రాన్స్‌మిటర్‌కు వైరు కలిపింది. ప్రోగ్రామ్‌ను నొక్కగానే కంప్యూటర్ చేతులెత్తేసింది. ఇది ఈ సిస్టమ్‌లో నడవదు పొమ్మంది.

"నడవదు మరి. నేను పుట్టాక ఇలాంటి నల్లతెర సాఫ్ట్‌వేర్ చూడనే లేదు," అందామె. "ఎమ్యులేటర్ వేద్దాం. కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌లా నటిస్తుంది."

మారువేషం యంత్రాలకూ తప్పలేదన్నమాట. నల్లతెర మీద తెల్లటి కర్సర్ మిణుకుమిణుకుమంది. మౌనికి మాస్టారు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పార్క్ అని టైపు చేయనిదే ఆయన కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు. చేశావా లేదా అని రెండుసార్లు అడిగేవాడు. పాత డిస్కు మీద సూదిలాంటిది ఆడుతూ ఉంటుంది, ఆ కమాండ్ ఇస్తే ఓ మూలకు వెళ్ళి పడుకుంటుంది. కొత్త డిస్కులకు ఆ అవసరమే లేదు.

ఆరు కొట్టింది. ఆమె కబురు టైపు చేసి ఎంటర్ నొక్కింది. కిచ్‌మని ఒక్క చప్పుడు.

"అయిపోయింది," అందామె.

"ఇంత తొందరగానా?"

"కొత్త కంప్యూటర్ కదండీ, వేగం ఎక్కువ. మీ పిచ్చుక బతికిపోయింది."

మౌని చెవులు రిక్కించాడు. టిక్ రాలేదు. ఈలోగా ఆమె లేవబోతూ, తల తిప్పి మాట్లాడుతూనే, నాలుగు అక్షరాలు టకటకా కొట్టింది. తెరమీద 'బ్యాడ్ కమాండ్' అని వచ్చింది.

ఆమె కొట్టింది పార్క్.

మౌని ఆమె వైపు తిరిగాడు. "మాస్టారి దగ్గర ఎప్పుడు నేర్చుకున్నారు మేడమ్?"

ఆమె తెరవంక చూసుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి అతని ఛాతీకి గురిపెట్టింది. పెదవులకు పూసుకునే రకం కాదది.

"నీకంటే ముందే. వేగం తగ్గించకపోతే ఆ కూత ఏ చెవికీ అర్థం కాదని కూడా ఆయనే చెప్పాడు."

"ఆయన్నెందుకు చంపావు?"

"కబురు ఆగాలంటే ఆయన ఆగాలి. ఇక్కడ ఏళ్ళపాటు నాకో నంబరు తగిలించారు. అవతలివాళ్ళు మొదటిరోజే నన్ను పేరు పెట్టి పిలిచారు. దానికే అమ్ముడుపోయాను. నవ్వకు."

మౌనికి నవ్వు రాలేదు. ఆ ఆకలి అతనికి కొత్త కాదు.

"మాస్టారు నిన్నేమని పిలిచేవారు?"

"అమ్మాయీ అని..." ఆమె చూపు నల్లతెర మీదికి మళ్ళింది. గురి కాస్త పక్కకు జరిగింది.

అదే అదనుగా మౌని కాలితో సిలిండర్ మీట తన్నాడు. బుస్సుమంటూ చల్లటి గ్యాస్ ఆమె మణికట్టును తాకింది. కొయ్యబారిన వేళ్ళలోంచి లిప్‌స్టిక్ జారిపడింది. మరుక్షణం ఆమె చేతులు రాగితీగతో కుర్చీకి బిగుసుకున్నాయి.

మిగిలింది ఒక్క నిమిషం. మౌని ఎమ్యులేటర్ వేగం తగ్గిస్తూ పోయాడు. ఇంకా, ఇంకా. మాస్టారు ప్రతి కబురూ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు.

'అమ్మాయీ, ఈ రాత్రి వెళ్ళొద్దు. వెంటనే వచ్చెయ్.'

ఈసారి కూతలు ఒక్కొక్కటే, తీరిగ్గా, మాస్టారి కంప్యూటర్ పలికినట్టే పలికాయి. ఆయన ఇక లేడని చేర్చడానికి మాత్రం వేళ్ళు రాలేదు. ఆఖరి కూత పూర్తయింది. గడియారం ముల్లు ఐదో నిమిషం గీత మీదికి వస్తోంది.

టిక్.

కుర్చీకి కట్టేసి ఉన్న ఆమె తల వంచుకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. మౌని లేచే ముందు పార్క్ కొట్టాడు. బ్యాడ్ కమాండ్ అంది కంప్యూటర్. అననీ.

ఫోన్లో చీఫ్ మొదటిసారి మెత్తగా మాట్లాడాడు. "శభాష్ మౌనీ! ఏం కావాలో కోరుకో."

"నా ఫైల్లో అసలు పేరుంటుంది కదా సార్. ఒక్కసారి ఆ పేరుతో పిలుస్తారా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. చిన్న దగ్గు.

"అది టాప్ సీక్రెట్ మౌనీ. నీకా క్లియరెన్స్ లేదు."