వల పట్టిన కోడలు

పొద్దున్నే వాడలో మరమగ్గాల సాంచాల చప్పుడు మొదలయ్యే వేళకు చంద్రవ్వ వాకిలి ఊడ్చి, రాత్రి మిగిలిన రొట్టె పట్టుకుని గడపలో నిలబడేది. ఎక్కడున్నా లచ్చి వచ్చేసేది. ఎర్రటి ఆడకుక్క. ఎవరి పెంపుడుదీ కాదు గానీ, చంద్రవ్వ పెడితేనే కడుపునిండా తినేది. సిరిసిల్లలోని ఆ నేత వాడలో భర్త పోయిన తర్వాత పొద్దున్నే ఆమె మొదటి మాట లచ్చితోనే.

ఆ రోజు లచ్చి రాలేదు. చంద్రవ్వ రొట్టెను అలాగే పట్టుకుని లోపలికొచ్చింది.

కోడలు నవ్యశ్రీ చాయ్ పోస్తూ అడిగింది. "అత్తమ్మా, గీ నడుమ లచ్చి నిన్నేమన్న గీరిందా? పన్ను తాకిందా?"

కుక్క రాలేదని చంద్రవ్వ ఇంకా నోరు విప్పి చెప్పలేదు. ఈ పిల్లకెలా తెలిసింది? పైగా చాయ్ పోస్తున్నా, కోడలి చూపంతా తన చేతుల మీదే ఉంది.

"లేదు," అంటూ చేతిని కొంగులోకి లాక్కుంది.

అది అబద్ధం. రెండు రోజుల కిందట లచ్చి తిండి ముట్టకుండా గోడవారన పడి ఉంటే, చంద్రవ్వే రొట్టె ముక్క దాని నోట్లో పెట్టబోయింది. వేలికి పన్ను గీసుకుంది. కాస్త నెత్తురు వచ్చింది. చెబితే కుక్కను తరిమేయమంటారని, నూలు కండెలు చుడుతుంటే తెగిందని చెప్పి గుడ్డపేలిక కట్టుకుంది.

"అయినా ఒకపారి దవఖానకు పోయొద్దాం పా. సూది ఏయించుకుంటే మంచిది."

"నాకేం రోగమొచ్చిందని సూది?"

నవ్యశ్రీ ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోయింది. గుసగుసగా ఎవరితోనో మాట్లాడుతోంది. "ఒప్పుకుంటలేదన్నా," అన్న మాట ఒక్కటే చంద్రవ్వ చెవిన పడింది.

అన్న ఎవరు? ఒప్పుకోవలసిందేమిటి?

మున్సిపాలిటీలో రాతపని దొరికిందని కోడలు చెప్పినప్పటి నుంచీ చంద్రవ్వకు నమ్మకం కుదరలేదు. రాతపని చేసేవాళ్ల బట్టలకు ఆ మందుల వాసనేమిటి? వాటిని విడిగా నానబెట్టి ఉతకడమేమిటి? నెలకోసారి కరీంనగర్‌లో ట్రైనింగ్ అంటుంది, మోచేతుల మీద గీతలతో తిరిగి వస్తుంది. కొడుకు ప్రణయ్‌ని అడిగితే నవ్వి మాట మార్చేస్తాడు. ఇద్దరూ కలిసి తన దగ్గర ఏదో దాస్తున్నారు.

ఆ ఏదో మధ్యాహ్నానికల్లా ఎదురింటి పద్మలత నోట బయటపడింది.

"చెప్పొద్దనుకున్న గని, నీతోని చెప్పకుంటే పాపమైతది వదినె. నిన్న పొద్దుగూకంగ మున్సిపాలిటోల్ల బండొచ్చి లచ్చిని పట్టుకపోయింది. వల పట్టింది ఎవరనుకున్నవ్? నీ కోడలే."

చంద్రవ్వ చేతిలోని కండె కింద పడింది.

సాయంత్రం నవ్యశ్రీ చెప్పులు విప్పేలోపే అత్త గడపకు అడ్డంగా నిలబడింది. వెనకే ప్రణయ్ బండి ఆపుతున్నాడు.

"లచ్చి యాడున్నదే?"

నవ్యశ్రీ చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"రాతపని అంటివి. కుక్కలను చంపేటోల్ల తోటి తిరుగుతున్నవా? నా చేతి తిండి తిన్న నోరులేని జీవికి వల ఎట్లేసినవే?"

"మేం చంపం అత్తమ్మా. పట్టి, ఆపరేషన్ జేసి, సూది ఇచ్చి, మల్ల పట్టిన కాడనే ఇడిసిపెడ్తం. గదే మా పని."

"అయితే లచ్చిని తెచ్చి నా వాకిట్ల ఇడువు."

నవ్యశ్రీ అత్త చేతుల వైపు చూసింది. "లచ్చికి పిచ్చి లేసింది అత్తమ్మా. గందుకే పొద్దుగాల గట్ల అడిగిన. నిజం జెప్పు, నీకేం తాకలేదా?"

"మొన్నటిదాంక మంచిగున్న కుక్కకు నువ్వు పట్టుకపోంగనే పిచ్చి లేసిందా?"

"అవ్వా, జర దాని మాట ఇను," అన్నాడు ప్రణయ్.

"నువ్వు మాట్లాడకు. ఇద్దరు గలిసి నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నరు."

ఆ పూట చంద్రవ్వ కోడలు వండింది ముట్టలేదు. కోడలు తినే కంచాన్ని కూడా తీసి విడిగా కిటికీలో పెట్టింది. నవ్యశ్రీ దాన్ని చూసింది. "రేపు నాతోటి కరీంనగర్ రా అత్తమ్మా. లచ్చిని ఆడనే ఉంచినం. నీ కండ్లతోటి చూడు," అని మాత్రం అంది.

బస్సులో చంద్రవ్వ కోడలి పక్క సీటులో కూర్చోలేదు. కుక్కను ఇప్పటికే పాతిపెట్టి ఉంటారని, అక్కడ ఎవరో ఒకరి చేత నాలుగు మాటలు చెప్పించి తన నోరు మూయిస్తారని దారంతా అనుకుంటూనే ఉంది.

కరీంనగర్ బయట ఒక రేకుల షెడ్డు. చుట్టుపక్కల ఊళ్లలో కుక్కలు పట్టే సిబ్బందికి అక్కడ నెలవారీ శిక్షణ జరుగుతోంది. కుక్కకు ఊపిరి ఆగకుండా వల ఎలా వేయాలో పశువుల డాక్టరు మమతారాణి చూపిస్తోంది. జమ్మికుంట నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ఆ వలను పట్టి చూస్తున్నారు. చంద్రవ్వను చూడగానే అందరూ మాట ఆపేశారు. వాళ్లందరికీ తాను ముందే తెలుసని ఆమెకు అర్థమైంది. అనుమానం ఇంకాస్త పెరిగింది.

నెరిసిన గడ్డమున్న మనిషొకడు కుర్చీ తెచ్చి వేశాడు. "కూసో అమ్మా. నా పేరు బాబు మియా. మందమర్రిల గీ పనే జేస్త. నీ కోడలు ఫోన్ జేసింది నాకే."

"ఏం ఒప్పియ్యాల్నని జేసింది?"

"నీకు సూది ఏయించెతందుకు. మా అత్తమ్మ దాచిపెడ్తున్నదో ఏమో, ఎట్ల అడగాల్నో తెలుస్తలేదన్నా అని ఏడ్చింది. నా తర్వాత గీడున్నోల్లందరికి సుత జేసింది."

చంద్రవ్వ కొంగులోని చేతిని ఇంకా లోపలికి లాక్కుంది.

బాబు మియా ఆ చేతి వైపు చూడలేదు. నేల చూస్తూ మాట్లాడాడు. "నాతోటి గీ పనే జేసెటోడు హనుమండ్లు అని ఒకడుండె. మంచోడు. కుక్కపిల్ల గీరింది. గింతంతే, ఏమైతదని ఎవ్వలకు చెప్పలే. ఇంట్ల సుత చెప్పలే, ఇంటోల్లకు పరేషాన్ ఎందుకని. ఆఖరికి గిలాసల నీళ్లు జూసి వణికిండు. వాని పెండ్లాం చేతుల్నే పోయిండు. అప్పటికెల్లి మేమంత ఒక్కకాడ కూసునుడు మొదలువెట్టినం. ఎవలం ఏది దాచుకోవద్దని."

"లచ్చిని చూపియ్యుండ్రి," అంది చంద్రవ్వ.

నవ్యశ్రీ ఆమెను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి దూరంగానే ఆపింది. చీకటి గదికి ఇనుప జాలీ. లోపల లచ్చి. దవడ వేలాడుతోంది, నోట్లోంచి సొల్లు కారుతోంది.

"లచ్చీ," అని పిలిచింది చంద్రవ్వ.

ఆ గొంతు వింటే తోకాడించే కుక్క జాలీ మీదికి దూకి ఇనుమును కొరికింది. దాని కళ్లలో చంద్రవ్వ లేదు. ఎవరూ లేరు.

చంద్రవ్వ కోడలి భుజం పట్టుకుంది. తర్వాత మెల్లగా కొంగులోంచి చేయి తీసి, వేలికి చుట్టిన గుడ్డపేలిక విప్పింది.

"తాకింది బిడ్డా. నీతోని అబద్ధం జెప్పిన."

నవ్యశ్రీ అత్తను నీళ్ల నల్లా దగ్గరికి లాక్కుపోయి, సబ్బుతో ఆ వేలిని రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. ఏడుస్తూనే తిట్టింది. "నీకేమన్న అయితే నీ కొడుకుకు నా మొకం ఎట్ల జూపియ్యాలె? అడిగితే లేదంటివి. ఎన్నిసార్లడిగిన అత్తమ్మా?"

చంద్రవ్వ చిన్నపిల్లలా చేయి చాపి నిలబడింది.

దవఖానలో పుండు చుట్టూ ఒక సూది, భుజం కింద దండకు ఒక సూది వేశారు. ఆలస్యమైనా మించిపోలేదని, మిగతా సూదులు ఒక్కటి కూడా తప్పకూడదని డాక్టరు చెప్పాడు. బయట బల్ల మీద కూర్చున్నాక చంద్రవ్వ అడిగింది. "గీ పనని నాతోని ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను వంటింట్లకు రానియ్యవనుకున్న."

చంద్రవ్వకు రాత్రి కిటికీలో తాను విడిగా పెట్టిన కంచం కళ్లముందు మెదిలింది. కోడలి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. ఆ మోచేతి గీతల మీద వేళ్లతో నిమిరింది.

మర్నాడు లచ్చి చచ్చిపోయిందని మమతారాణి ఫోన్ చేసింది. నవ్యశ్రీ కళ్లు తుడుచుకుని బయలుదేరబోయింది. "వాడల ఇంకెవరెవరు దాన్ని ముట్టిండ్రో అడగాలె అత్తమ్మా. నిన్న మావోల్లు వస్తే ఒక్కలు సుత నిజం చెప్పలేదట."

"నువ్వు పోతే చెప్పరు. నేనొస్త పా."

చంద్రవ్వ మొదట ఎదురింటి తలుపే కొట్టింది. కోడలిని చూడగానే పద్మలత ముఖం ముడుచుకుంది. "మాకేం తాకలే వదినె."

"నేను సుత గదే చెప్పిన," అంది చంద్రవ్వ. కట్టు కట్టిన వేలిని చూపించింది. "ఈమె నా కోడలు. కుక్కలను పట్టే పని జేస్తది. నేను అబద్ధం జెప్పినా ఇడిసిపెట్టక నన్ను బతికించుకున్నది. ఆమె అడిగిందానికి నిజం చెప్పు పద్మా."

పద్మలత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత గడప మీద కూలబడి, చీర అంచు కొద్దిగా పైకి తీసింది. మడమ పైన పంటి గాట్లు ఎర్రగా కనిపించాయి.

"భయమై చెప్పలే," అంది.

నవ్యశ్రీ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుంది.

"సబ్బు తే అత్తమ్మా," అంది.

చంద్రవ్వ వీధి దాటి తన ఇంటికి పరుగెత్తింది.