అరికాలికి కంచుగిన్నె

"అరికాలు రుద్దితే నిద్ర పడుతదా? గట్లయితే ఇగ దవాఖానలెందుకు?"

గంగామణితో నేనన్న మొదటి మాట ఇదే. ఆర్మూర్ దవాఖానలో కాంపౌండర్‌గా చేరిన కొత్త. తెల్లకోటు వేసుకున్న ప్రతివాడికీ కొంత పొగరుంటుంది, నాకు ఒక పిడికెడు ఎక్కువే.

ఆమె నా వైపు చూడనైనా లేదు. మా అమ్మ వెంకవ్వ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆముదం రాసి, కంచుగిన్నె అడుగుతో మెల్లగా రుద్దుతోంది.

"రోగం పోతదని నేనన్ననా, కాంపౌండర్ సాబ్? మీ గోళీలు మీరియ్యుర్రి. నేను జర పానం నిమ్మలం చేస్త, గంతే."

నాన్న పోయినప్పటి నుంచి అమ్మ కంటి మీద కునుకు లేదు. డాక్టరుగారి గోళీలు వేసుకుని కూడా తెల్లవార్లూ దూలాలు లెక్కపెట్టేది. అందుకే గంగామణిని పిలిపించుకుంది. గంగామణి వాళ్ల అవ్వ లస్మవ్వ హస్తవాసికి పేరున్న మనిషి. పోతూ పోతూ మనవరాలికి ఇచ్చింది ఆ గిన్నె ఒక్కటే. అమ్మ మొదటి రోజే వరసలు కలిపి ఆ పిల్ల చేత అత్తా అనిపించుకుంది.

పొద్దంతా గంగామణి పసుపు కళ్లంలో ఉండేది. ఎండిన కొమ్ములు నునుపు తేలాలంటే కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని తొక్కాలి. సాయంత్రం ఆ పసుపు పాదాలతోనే మా గడప దాటేది. పది రోజుల్లో నా పొగరు దిగింది. పదకొండో రోజు నుంచి దవాఖాన మూయగానే ఇంటికి పరుగు.

"ఏందత్తా, నిద్ర పట్టిందా?" వస్తూనే ఆమె అడిగేది.

"యాడిది బిడ్డా, కన్ను మూత పడలే," అని అమ్మ నిట్టూర్చేది.

మూడో రాత్రి నుంచే అమ్మ గుర్రు పెట్టి పడుకుంటోందని పక్క మంచంలో ఉండే నాకు తెలుసు. అయినా గోడకేసి చూసేవాణ్ణి. నిద్ర పడుతోందంటే ఈ పిల్ల రావడం మానేస్తుంది కదా. అమ్మెందుకు అబద్ధమాడుతోందో నేను ఆలోచించలేదు, నా దొంగతనమే నాకు సరిపోయింది.

నెల తిరిగింది. ఒక సాయంత్రం గంగామణి గిన్నె తుడిచి కొంగున చుట్టుకుంది. అమ్మ కళ్లు మూసుకుని ఉంది.

"రేపటి సంది రాను," అంది నాతో, చిన్నగా. "మా అవ్వ చేతికైతే మూడొద్దులల్ల నిద్రొచ్చేది. నా చేతుల గుణం లేదు. గిన్నె అటుక మీద పెట్టేస్త."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె రాకపోతే నేనేమైపోతానో అని బెంగపడ్డాను గానీ, తన చేతుల మీద తనకే నమ్మకం పోతుందని ఒక్కనాడూ అనుకోలేదు.

"నీ చేతుల గుణం ఉన్నది," అన్నాను. "అమ్మ మూడో రాత్రి సందే నిద్రపోతున్నది. ఆ గుర్రుకు నాకే నిద్ర లేదు."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే నువ్వు రావు గదా."

కోపంగా చూసింది. ఆ కోపం చెంపల దాకా వచ్చేసరికి సిగ్గయింది.

"నెల దినాలు నన్ను ఏడిపిచ్చిర్రు," అంటూ లేచింది. లేస్తూనే కుంటింది. తొక్కి తొక్కి మడమ పగిలి ఉంది.

"కూసో. గిన్నె ఇటియ్యి, ఇయ్యాల నేను రుద్దుత."

ఆమె చప్పున పాదాలు కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"వద్దు. నా కాలు ముట్టేటోడు మెట్టెలు పెట్టేటోడే."

మా పెళ్లిళ్లలో పెళ్లికొడుకు పెళ్లికూతురి కాలు పట్టుకునేది అప్పుడే.

"గట్లయితే మెట్టెలే పెడత," అన్నాను.

ఆమె కొంగు విప్పి, గిన్నెను మా గూట్లోనే పెట్టింది.

మంచం మీద అమ్మ కళ్లు తెరవకుండానే నోరు విప్పింది.

"పొద్దుగాల వాళ్ల నాయిన భోజన్నతోని నేను మాట్లాడ్త. నువ్వు ఔసులాయనకు వెండి మెట్టెలు చెయ్యమని చెప్పిరా. నిద్ర పట్టలేదని నెల సంది నేను నాటకమాడితే, గిప్పుడు వచ్చినయి మీకు మాటలు. ఇగనన్న నన్ను పండుకోనియ్యిర్రి."