మోచెయ్యి బరువు

ఇదిగో, నిన్నే. ప్రేమకథ అనగానే కుర్చీ ముందుకి జరుపుకున్నావు చూడు, నిన్నే. పని చెప్పడానికి పిలిస్తే చెవుడు, కథ చెబుతానంటే పాము చెవులు. సరే, రా. అంత బిగుసుకుని కూర్చోకు. మోచెయ్యి ఆ బల్ల మీద అలా ఆనించుకో, హాయిగా ఉంటుంది. ఈ కథలో ఒకణ్ణి బాగా బోల్తా కొట్టించారు. ఎవరినో చివరిదాకా కనిపెట్టలేవు. అంత తెలివే ఉంటే నా పక్కన ఎందుకు కూర్చుంటావు?

నా చదువు అయిదో తరగతి గుమ్మం దాటలేదు. కానీ కాటాలు బాగుచేయడం వచ్చు. కొట్టు మా అన్నయ్య పెట్టినది, ఇంటి ముందు గదిలో. అన్నయ్య పోయాక నేనూ, అన్నయ్య కూతురూ నడుపుతున్నాం. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, నడిమధ్య నిలువెత్తు తూకం రాళ్ళ అర, మూలన గాజు పెట్టెలో పాతకాలం తక్కెడ. మా అమ్మాయి వేళ్ళతో తడిమిందంటే ఏ మర ఎంత వదులో చెప్పేస్తుంది. అందుకని మిల్లీగ్రాం అని పిలుస్తాను. కోపం వచ్చిన రోజు క్వింటాల్.

కొట్టులో అన్నయ్య పెట్టిన నియమం ఒకటుంది. కాటాని పరీక్ష చేసేటప్పుడు రాళ్ళు పెట్టేది ఒకరు, ముల్లు చదివేది ఇంకొకరు. ఎంత రాయి పెట్టారో చదివేవాళ్ళకి చెప్పకూడదు. చెబితే కన్ను తనకి కావలసిందే చూస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకో, తర్వాత నా కొంప ముంచింది ఇదే.

ఒకరోజు కుండపోత వాన. ఒకతను కాటా చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. రెయిన్‌కోటు కాటాకి కప్పి, తాను నిలువునా తడిసిపోయాడు. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా.

"మీరు బాగుచేసిన కాటా అబద్ధాలు చెబుతోందండీ," అన్నాడు.

మా అమ్మాయి తలెత్తలేదు. "కాటాలు అబద్ధం చెప్పవు. వాటి ముందు నిలబడినవాళ్ళు చెబుతారు."

"నేను ఆరేళ్ళుగా తూకం వేస్తున్నానండీ."

"అయితే ఆరేళ్ళుగా తప్పే వేస్తున్నారన్నమాట. ఏదీ, ఆఫీసులో ఎలా వేస్తారో అలాగే వేయండి."

అతను కాటా మీద ఒక డబ్బా పెట్టాడు. కుడిచేత్తో కాగితం మీద బరువు రాస్తూ, ఎడమ మోచెయ్యి దర్జాగా కాటా అంచుమీద ఆనించాడు.

"మోచెయ్యి తీయండి," అంది.

తీశాడు. ముల్లు మూడువందల గ్రాములు దిగింది.

"ఈ మూడువందల గ్రాముల పార్సిల్ మీదే. చిరునామా రాసి పంపించేయండి," అంది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. మా అమ్మాయి తువ్వాలు తెచ్చి ముందు కాటాని తుడిచి, తర్వాత అతనికి ఇచ్చింది. తువ్వాలు ఇచ్చేటప్పుడు ఒక్క చూపు చూసింది. అలాంటి చూపు ఏ రాయితో తూస్తారో నాకు తెలియదు గానీ, అతను మాత్రం గుమ్మం దిగుతూ మెట్టు తప్పాడు. ఆ రోజే అతనికి పార్సిల్ అని పేరు పెట్టాను.

నేను ఊరుకుంటానా? కాటా తిరిగిచ్చే ముందు లోపలి మర ఒక చుట్టు వదులు చేశాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఆమె బిగించింది. నేను వదులు చేశాను. ఇలా నెలనెలా. నా అంత మొనగాడు లేడని నాలో నేనే మీసం మెలేసుకునేవాణ్ణి.

ఏడాది గడిచింది. ఒక నెల అతను వచ్చేసరికి ఆమె బల్ల ఖాళీ.

"ఏరండీ ఆవిడ?"

నా నోరు ఊరుకోదు కదా. "పెద్ద విషయం మీద వెళ్ళింది. తెల్లకోటు వేసుకునే మనిషి. చెయ్యి పట్టుకుని మరీ చూశారు."

పార్సిల్ మొహం వానలో తడిసిన కాగితమైంది. కాటా అక్కడే వదిలేసి, గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

నవ్వకు. ఆ రోజు నేను అలా వాగింది ఏడుపు ఆపుకోవడానికి. మా అమ్మాయికి రొమ్ములో గడ్డ వచ్చింది. కాన్సర్. గడ్డ తీసేశారు. చంక కింద గ్రంథులు కూడా తీసి చూశారు, వాటికి పాకలేదు. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు.

పది రోజుల తర్వాత కొట్టుకి వచ్చింది. నా వాగుడు సంగతి తెలిసి క్వింటాల్ అయింది. "నన్ను ఆపరేషన్‌కి పంపి, ఇక్కడ నా పెళ్ళి చేసేశావా బాబాయ్?" అంది. ఆ సాయంత్రం పార్సిల్ గొడుగు కోసం వచ్చాడు. గొడుగు కోసమేనట.

"మీ బాబాయి గారు చెప్పారు. సంతోషమండీ," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఆ తెల్లకోటు డాక్టరమ్మది. నాకు రొమ్ము కాన్సర్. ఆపరేషన్ అయింది," అంది. స్ప్రింగు పోయింది, మార్చాం అని చెప్పే గొంతుతోనే.

పార్సిల్ నావైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకి నేను అర వెనక్కి వెళ్ళిపోయాను. తర్వాత ఆమెనే అడిగాడు, "ఆ చేత్తో ఎంత బరువు ఎత్తొచ్చు?"

"రెండు కిలోలు."

"ఎన్నాళ్ళు?"

"ఆరు వారాలు."

"అయిదున్నరకి నా డ్యూటీ అయిపోతుందండీ."

అంతే. అయ్యో అనలేదు, ధైర్యంగా ఉండండి అనలేదు. మర్నాటి నుంచి ఆరింటికల్లా వచ్చి ఇరవై కిలోల రాళ్ళు మోసేవాడు. రెండో వారానికి అండీలు జారిపోయాయి. మూడో వారానికి అతని టీలో చక్కెర ఎంతో ఆమెకి తెలిసింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. మా అమ్మాయి, మా వదిన, నేను. తీసిన గడ్డకి ఏదో పరీక్ష చేయించారట. ఆ స్కోరు ఎక్కువా కాదు, తక్కువా కాదు, నట్టనడుమ.

"రేడియేషన్, అదే కరెంటు పెట్టడం, మాత్రలు ఎలాగూ ఉంటాయి. కీమో సంగతే తేలాలి," అంది డాక్టరమ్మ. "మీలాంటివాళ్ళు వందమంది ఉంటే, కీమో లేకపోయినా ఎనభై అయిదుమందికి జబ్బు తిరిగిరాదు. కీమో ఇస్తే ఇంకో ముగ్గురు గట్టెక్కుతారు. ఆ ముగ్గురిలో మీరుంటారా అంటే నేను చెప్పలేను. వేయించుకున్నా తప్పు కాదు, మానుకున్నా తప్పు కాదు. రెండు వారాల్లో చెప్పండి."

"వేయించుకుంటే ఏమవుతుంది?" అడిగింది మా అమ్మాయి.

"జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. నీరసం. వేళ్ళ కొనలు మొద్దుబారొచ్చు. చాలామందికి తగ్గుతుంది. కొందరికి కొంత ఉండిపోతుంది."

దారి పొడుగునా మా అమ్మాయి బొటనవేలితో మిగిలిన వేళ్ళ కొనలు రుద్దుకుంటూనే ఉంది. "జుట్టుదేముంది బాబాయ్," అంది ఇల్లు చేరాక. "వేళ్ళు పోతే నేనెవర్ని?"

ఇంక ఇంట్లో రోజూ యుద్ధమే. "ముగ్గురి కోసం వందమందిని హింసపెడతారా, వద్దే వద్దు," అంటుంది వదిన. "ఆ ముగ్గురిలో మనమ్మాయి ఉంటే?" అంటాను నేను. కంచాల ముందు మేమిద్దరం వాదించుకుంటుంటే, ఆమె కంచం తీసుకుని వెళ్ళి వంటింట్లో ఒక్కతే తినేది.

ఒక సాయంత్రం పార్సిల్‌ని అడిగింది. నేను అర వెనక ఉన్నాను. పొంచి వినలేదు, అక్కడ దుమ్ము తుడుస్తున్నాను. చెవులతో.

"నువ్వేమంటావు?"

"నేను ఏమీ అనను."

"అంటే నీకు పట్టదా?"

"పట్టకపోతే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. నేనొకటి అంటే నువ్వు దానికి ఎంతో కొంత బరువిస్తావు. అప్పుడది నీ తూకం కాదు. నా మోచెయ్యి."

ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టింది.

"నీ మాటకి నేను బరువిస్తానని అంత నమ్మకమా?" అంది.

"నమ్మకం లేదు. ఆశ."

"ఎన్ని గ్రాములుంటుంది?"

"తూచలేదు. నీ కాటా విరుగుతుందని భయం."

ఆమె నవ్వింది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది.

"వేయించుకుంటే ఆ రోజులు సెలవు పెట్టి నీతో వస్తాను," అన్నాడు. "మానుకుంటే అవే రోజులు సెలవు పెట్టి సినిమాకి తీసుకెళతాను. రెండిటికీ రెడీ. ఆ ముక్క మాత్రం చెప్పగలను."

దుమ్ము కళ్ళలో పడింది నాకు.

శుక్రవారం మా అమ్మాయి ఒక మాట చెప్పింది. "ఆదివారం పాత తక్కెడ మీద తూద్దాం. ఒక్కో కారణానికి ఒక్కో రాయి. ఎడమ పళ్ళెం వేయించుకోవడానికి, కుడి పళ్ళెం మానుకోవడానికి."

ఇంతకంటే అవకాశం ఏముంటుంది చెప్పు. శనివారం మధ్యాహ్నం అందరూ భోజనం చేస్తుంటే మధ్యలో లేచి కొట్టుకి వచ్చాను. ఎడమ పళ్ళెం అడుగున శనగగింజంత మైనం అంటించాను. తప్పే. కానీ చేశాను.

ఆదివారం వదిన, పార్సిల్, మేమిద్దరం తక్కెడ చుట్టూ కూర్చున్నాం. మా అమ్మాయి పళ్ళేల ముందు అట్ట అడ్డం పెట్టింది. తక్కెడ నెత్తిన ముల్లు ఒక్కటే కనబడుతోంది.

"ముల్లు నువ్వు చదువు బాబాయ్. నాన్న నియమం. పళ్ళేలు అటూ ఇటూ మార్చానో, మార్చలేదో చెప్పను."

నా కొంప మునిగింది ఇక్కడే. మార్చి ఉంటే నా మైనం మానుకునే వైపు మొగ్గుతుంది.

అట్ట వెనక టక్కుమని చప్పుడు. ముల్లు ఊగి నిలిచింది.

"చదువు."

"ఎడమకి," అన్నాను. "రెండు గీతలు."

"సరే. డాక్టరమ్మకి చెప్పేస్తాను," అని ఫోన్ తీసింది. ఎడమ అంటే ఏమిటో చెప్పదే.

"ఆగమ్మా," అన్నాను. "ఎడమ పళ్ళెం కింద మైనం ఉంది. నేనే పెట్టాను."

వదిన నన్ను చూసిన చూపు చెప్పను.

"ఎందుకు బాబాయ్?"

"అన్నయ్యని పోగొట్టుకున్నాను. నిన్ను కూడా పోగొట్టుకునే ఓపిక లేదు నాకు."

ఆమె జేబులోంచి చిన్న ముద్ద తీసి బల్లమీద పెట్టింది. "ఇదేనా?"

అదే. నా వేలిముద్రతో సహా.

"అన్నం మధ్యలో లేచావంటే ఏదో ఉందని తెలియదూ? నువ్వు వెళ్ళిన పావుగంటకే తీసేశాను."

"మరి ముల్లు ఎడమకి ఎందుకు..."

అట్ట తీసేసింది. ఎడమ పళ్ళెంలో ఒకే ఒక్క రాయి. కుడి పళ్ళెంలో పార్సిల్ సెలవు కాగితం, మూడేసి వారాల ఎడంతో నాలుగు గురువారాలు, పైఅధికారి సంతకంతో సహా.

"వేయించుకుంటానని డాక్టరమ్మకి సోమవారమే చెప్పాను," అంది. "నీ మాట తీసి పక్కన పెట్టాను, అమ్మ మాట తీసి పక్కన పెట్టాను. ఇతను ఏమీ పెట్టలేదు కాబట్టి తీసే పని లేకపోయింది. చివరికి నా భయాలు రెండు మిగిలాయి. వేళ్ళు పోతాయని ఒకటి. వేయించుకోకపోతే జన్మంతా ప్రతి చిన్న నొప్పికీ ఉలిక్కిపడతానని ఒకటి. రెండోదే బరువు."

"వదినా, నీకు తెలుసా?"

"సోమవారమే చెప్పింది. రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు టోపీ అల్లడం మొదలుపెట్టాను," అంది వదిన.

"మరి ఈ నాటకం ఎందుకే తల్లీ?"

"నేరుగా చెబితే, నీ వల్లే ఒప్పుకున్నానని వీధంతా చాటుకుంటావు. పైగా ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్నాను. నీ నోట ఒక్క నిజమైనా విందామని."

నాలుగు గురువారాలూ గడిచాయి. తేలిగ్గా గడిచాయని అనను. జుట్టు పోయింది. వదిన అల్లిన టోపీ చెవుల దాకా దిగి కళ్ళు మూసేసేది. పార్సిల్ దానికి చిరునామా చీటీ అంటించాడు, ఎగిరిపోతే తిరిగొస్తుందని. మూడోసారికి వేళ్ళు మొద్దుబారాయి. అప్పుడు మరలు అతను తిప్పేవాడు. ఆమె ముల్లు చూస్తూ, "తిప్పు, ఇంకాస్త, ఆగు," అనేది. అతను ఎప్పుడూ ఎక్కువ తిప్పలేదు. కరెంటు పెట్టడం కూడా అయిపోయింది. జుట్టు గడ్డిపరకల్లా మొలిచింది. వేళ్ళకి స్పర్శ మాత్రం తిరిగిరాలేదు. అడిగేవాళ్ళం కాదు, ఆమె చెప్పేది కాదు.

అలా నాలుగు నెలలు. ఒక ఉదయం పార్సిల్ కాటా బల్లమీద ఉంది. అలవాటు చొప్పున మర వదులు చేయబోయి ఆగాను. ఒక చుట్టు కాదు, పావు చుట్టే తిప్పాను. ఆమె ముందు పెట్టాను.

కళ్ళు మూసుకుంది. వేలు మరమీద పెట్టింది. తీసింది, మళ్ళీ పెట్టింది. పార్సిల్ నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"పావు చుట్టు వదులు," అంది.

వదిన వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. "చిటికెన వేలు ఇంకా మొద్దుగానే ఉంది," అంది మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. "ఉండనీ. దానితో పెద్ద పనేం లేదు."

వదిన గరిటె పార్సిల్ వైపు చూపించి, "మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావు బాబూ?" అంది. అతను నోరు తెరిచేలోపే మా అమ్మాయే చెప్పింది, "గురువారం. సెలవు పెట్టాడు."

ఇక నేను ఆగలేకపోయాను. రొమ్ము విరుచుకుని చెప్పేశాను. "ఈ సంబంధం కుదిర్చింది ఎవరనుకున్నారు? నెలనెలా ఆ మర వదులు చేసి ఇతన్ని రప్పించింది నేను."

పార్సిల్ దగ్గాడు.

"బాబాయ్," అంది మా అమ్మాయి నెమ్మదిగా. "నువ్వు మొదటిసారి వదులు చేసిన వారమే వాళ్ళ ఆఫీసుకి అంకెలు కనబడే కొత్త కాటా వచ్చింది. ఇది రెండేళ్ళుగా ఇతని మంచం కిందే ఉంటోంది. నన్ను చూడాలనిపించినప్పుడల్లా మోసుకొస్తున్నాడు."

"మరి నువ్వు ప్రతిసారీ బిగించేదానివి కదే?"

"బిగించకపోతే నువ్వు నొచ్చుకోవూ?"

నవ్వు, నవ్వు. కడుపారా నవ్వు. బోల్తా పడింది నేనే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇంతసేపు మోచెయ్యి గురించే చెప్పానా? నీ మోచెయ్యి ఆ బల్ల మీదే ఉంచుకుని విన్నావు. ఆ బల్లకి పొద్దున్నే పచ్చరంగు వేశాను, ఇంకా ఆరలేదు.