అలివేలు గురించి మూడు పేజీలు

హేమంత్‌కుమార్ గంటసేపటి నుంచి అలీ కోసం ఎదురుచూస్తున్నాడు.

2009 జూన్ నెల. ఇన్‌ఫెంట్రీ రోడ్డులో విదేశీయులు పేరు నమోదు చేయించుకునే ఆఫీసు. బయట వాన. బొమ్మసంద్రలో ప్యాకింగ్ మిషన్లు తయారుచేసే కంపెనీలో అతనిది హెచ్.ఆర్. ఉద్యోగం. మలేషియా నుంచి వచ్చిన అలీ వేలు అనే ఇంజనీరు చేత సంతకాలు పెట్టించడం ఆ రోజు పని.

వరండాలో అతని పక్కనే పచ్చ చుడీదార్ వేసుకున్న ఒకమ్మాయి గొడుగు మడిచి పట్టుకుని నిలబడి ఉంది. అతను ఫోన్ తీసి మేనేజరుకు కన్నడంలో కొంత, తెలుగులో కొంత చెప్పుకున్నాడు.

"సార్, ఆ అలీ ఇంకా రాలేదు. మనిషికి టైమంటే లెక్కలేనట్టుంది."

ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి అతనివైపు తిరిగింది.

"ఆ అలీ నానే. గంట నుంచి మీ పక్కనే ఉన్నాను."

హేమంత్ ఫైలు చూశాడు, ఆమెను చూశాడు.

"అలివేలు. ఒకటే పేరు. పాస్‌పోర్టులో రెండు ముక్కలు సేసినారు" అంది ఆమె.

"మీకు తెలుగు వస్తాదా?"

"ఆ మాట నాను అడగాలి. మీరిప్పుడు మాట్లాడింది తెలుగేనా?"

వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల్లో పనికి వెళ్ళినవాడు. నాలుగు తరాలుగా ఇంట్లో తెలుగు పోలేదు. మాట చివర అక్కడి అలవాటు ప్రకారం ఒక "లా" మాత్రం వచ్చి చేరింది.

ఆ వాన వెలిసేలోగా హేమంత్ ఆమెకు నాలుగుసార్లు సారీ చెప్పాడు. నాలుగోసారి ఆమె నవ్వి, "సాలు లా" అంది.

అలివేలు పని కొత్త ప్యాకింగ్ లైన్‌కు కంట్రోల్ ప్రోగ్రాములు రాయడం. వారం తిరగకుండానే క్యాంటీన్లో ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం మొదలైంది. నెల తిరిగేసరికి మీరు పోయి నువ్వు వచ్చింది.

"ఉండాది అంటావేటి? ఉంది అనలేవా?"

"మా కాటన్‌పేటలో ఉండేదంతా ఉండాదే. నువ్వు ఏటి ఏటి అంటే నేనేమన్నా అంటినా?"

కాటన్‌పేటలో అతని ఇంటికి ఒక ఆదివారం ఊరికే వచ్చిన అలివేలు, తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చింది. హేమంత్ అమ్మ నేత్రావతికి ఆమె తినే తీరు నచ్చింది. అవ్వ కదిరమ్మకు ఆమె పేరు నచ్చింది. ఈ కాలంలో అంత మంచి పేరు ఎవరు పెడతారని ముసలామె వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

సెప్టెంబరులో ప్రభుత్వం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. బిజినెస్ వీసా మీద వచ్చి ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న విదేశీయులు అక్టోబరు ముప్పై ఒకటిలోగా దేశం విడిచి వెళ్ళాలి. పనిచేయాలనుకుంటే సొంత దేశంలో ఎంప్లాయ్‌మెంట్ వీసా తీసుకుని తిరిగి రావాలి. అలివేలుది బిజినెస్ వీసా.

క్యాంటీన్లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. స్టోర్స్‌లో పనిచేసే బాలరాజు, "నేపాల్ పోయి రెండు దినాలుండి వస్తే చాలంట" అన్నాడు. ఎవరో ఏజెంటు ఇక్కడే మార్పిస్తాడని ఇంకొకరు. ఎవరూ పట్టించుకోరు, గమ్మునుండమని మరొకరు.

"నువ్వేటంటావు?" అని హేమంత్‌ను అడిగింది అలివేలు. ఎప్పుడూ గలగలమనే గొంతు చిన్నదైపోయింది.

"ఎవురో చెప్పేది వినొద్దు. ఆర్డరు చేతిలో పెట్టుకొని చదువుదాం."

ఇద్దరూ రెండుసార్లు చదివారు. అర్థంకాని చోట పెన్సిలుతో గీత గీసి, లాయరు దగ్గరికి వెళ్ళి అడిగారు. వీసాను ఇక్కడే మార్చుకునే దారి లేదని తేలింది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఇదే మాట నడిచింది. నేత్రావతి పప్పు వడ్డిస్తూ మామూలుగా అనేసింది.

"దీనికింత తలనొప్పి ఏమిటికమ్మా? మా హేమంత్‌ను చేసుకుంటే నిన్ను పొమ్మనేదెవురు?"

హేమంత్ తల కంచంలోకి దించేశాడు.

"ఆంటీ, కాగితం కోసం మొగుడు నాకొద్దు" అంది అలివేలు.

ఆ మాటలో హేమంత్‌కు చివరి రెండు ముక్కలే వినబడ్డాయి.

మర్నాటి నుంచి అతను ఆమెను మేడమ్ అనడం మొదలుపెట్టాడు. టేబుల్ మారాడు. మూడు వారాలయ్యాక ఫైలు పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, ఇరవయ్యో తారీఖు ఫ్లైట్ బుక్ చేసినాము."

"గడువు ముప్పై ఒకటి కదా. పదకొండు రోజులు ముందే తోలేస్తున్నావేటి?"

"ఆఖర్లో టికెట్లు దొరకవు."

"దొరకవనా, నన్ను చూడలేకనా?"

అతను ఫైలు తెరిచాడు. ఆమె టికెట్ లాక్కుని వెళ్ళిపోయింది.

అయినా ఇరవయ్యో తారీఖున దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు అతనే వచ్చాడు. గేటు దగ్గర లావుపాటి ఫైలు ఆమె చేతికిచ్చాడు. ఉద్యోగ ఒప్పందం, డిగ్రీ కాపీలు, ఇక్కడ ఉన్నన్నాళ్ళ రికార్డు, అన్నీ రెండేసి సెట్లు.

"ఒరిజినల్ ఎవురికిచ్చినా కాపీ నీ దగ్గర పెట్టుకో. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏజెంట్లు దగ్గరికొస్తే మాట్లాడొద్దు."

"నాను పోతే నీకు హాయి. అంతేనా?"

హేమంత్ తల అడ్డంగా ఊపాడు.

"గడువు దాటి ఒక్కదినం ఉండిపోయినా అది నీ రికార్డులో ఉండిపోతాది. మళ్ళీ వస్తానన్న ప్రతిసారీ అడుగుతారు. ముందే పోతే ఆ మాట రాదు. నువ్వు మళ్ళీ రావాల. అందుకే పొమ్మంటా ఉండాను."

"ఎవరి కోసం రావాలి? కంపెనీకా?"

వెనక ట్రాలీల వాళ్ళు జరగమంటున్నారు. గేటు దగ్గర జవాను టికెట్ అడిగాడు.

"కంపెనీకి కూడా" అన్నాడు హేమంత్.

అలివేలు ఆ "కూడా" విని అతని మొహంలోకి ఓసారి పరీక్షగా చూసింది. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళింది. లగేజీ చెకింగ్ దగ్గర మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగింది.

నవంబరు రెండోవారంలో కౌలాలంపూర్ నుంచి ఫోన్ చేసింది.

"వీసా ఇవ్వాలంటే, నాను చేసే పని అక్కడివాళ్ళు ఎందుకు చేయలేరో కంపెనీ రాసివ్వాలంట."

"రాసిస్తాం."

"ఒప్పుకోకపోతే?"

"అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడు అడిగింది లెటరు. అది నా పని."

మేనేజరు వెంకటేశప్ప విసుక్కున్నాడు. "ఇంత రచ్చ ఎందుకప్పా? వేరే ఇంజనీరును చూద్దాం."

హేమంత్ రెండు రోజులు గడువడిగాడు. కంప్యూటరు ముందు కూర్చుంటే హెచ్.ఆర్. వాళ్ళు అందరి గురించీ రాసే మాటలే వచ్చాయి. అవి చెరిపేసి కిందికి దిగి ప్యాకింగ్ లైన్ దగ్గరికి వెళ్ళాడు. జిగణి నుంచి వచ్చే ఆపరేటరు అక్కయమ్మ మిషను పక్కన నిలబడి ఉంది.

"ఆ యమ్మ ఏం చేసింది అక్కయమ్మా?"

"ముందు మిషను ఆగిపోతే ఇంగ్లీషులో ఎర్రగా ఏందో వచ్చేది. ఇంజనీరు వచ్చేదాకా కూసునేదే. ఆ యమ్మ దాన్ని కన్నడంలో, తెలుగులో వచ్చేట్టు చేసింది. ఇప్పుడు నేనే చదివి నేనే సరిచేస్తా. తప్పు చేసినా అరిచేది లేదు. పక్కన నిలబడి ఇంకోసారి చేయమంటాది."

అతను అక్కడే స్టూలు మీద కూర్చుని రాసుకున్నాడు. లెటరు మూడు పేజీలైంది. వెంకటేశప్ప కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. హేమంత్‌ను ఒకసారి చూశాడు. వేరే ఇంజనీరు మాట ఎత్తకుండా సంతకం పెట్టాడు.

తర్వాతి మూడు వారాలు హేమంత్ రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూశాడు. నాలుగోవారంలో ఒకే ఒక్క లైను వచ్చింది. "ఇచ్చినారు లా. ఒక్క ఏడాదికి."

డిసెంబరులో అలివేలు తిరిగి వచ్చింది. ఒంటరిగా రాలేదు. వాళ్ళ నాన్న అప్పలనాయుడు టూరిస్టు వీసా తీసుకుని వెంట వచ్చాడు. ఆయన ఇండియాలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆదివారం నేత్రావతి ఇద్దరినీ భోజనానికి పిలిచింది.

కూర్చోగానే అప్పలనాయుడు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. ఆ లెటరు కాపీ.

"మా అమ్మాయి మార్కుల కాగితాలు శానా చూసినాను. ఇలాంటిది చూడలేదు. రాసినోడిని ఓసారి చూద్దామని వచ్చినాను" అంటూ వాటిని హేమంత్ చేతికిచ్చాడు.

"ఏముండాదప్పా దాంట్లో? చదువు, నేనూ వింటా" అంది కదిరమ్మ.

"ఇంగ్లీషులో ఉండాదవ్వా."

"నువ్వు రాసిందేగా. తెలుగులో చెప్పు."

తప్పలేదు. హేమంత్ గొంతు సవరించుకున్నాడు.

"ఈమె వచ్చినాక పనివాళ్ళు మిషనుకు భయపడటం మానేసినారు. తప్పు చూపించేటప్పుడు ఎవురినీ చిన్నబుచ్చదు. తెలియనిది తెలియదని చెప్తాది. మా దగ్గర ఇంజనీర్లు చానామంది ఉండారు. ఇట్లా నేర్పించే మనిషి ఈమె ఒక్కతే..."

మొదటి పేజీ సగంలో అతని చెవులు ఎర్రబడ్డాయి. అలివేలు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇది వీసాకు రాసినావా?" అంది కదిరమ్మ.

"అవునవ్వా."

"వీసా ఇచ్చేసినారు కదా. ఇంకా చెవులెందుకు ఎర్రబడతా ఉండాయి?"

హేమంత్ కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. అందరూ చూస్తుండగానే అలివేలు వైపు తిరిగాడు.

"ఆ రోజు నువ్వు నాకొద్దంటివి. మనసులో పెట్టుకొని నీతో మాట్లాడకుండా తిరిగినా. తప్పే. ఇప్పుడు నీ కాగితం నీ దగ్గర ఉండాది. నన్ను చేసుకుంటావా అని అడగొచ్చునా?"

"వద్దన్నది కాగితం కోసం చేసుకునే మొగుణ్ణి. నిన్ను కాదు. ఆపాటి తెలుగు అర్థం కాలేదేటి?"

"కాలేదు."

"ఏడాది తిరిగితే మళ్ళీ వీసా అడగాలి. రూలు మళ్ళీ మారితే?"

"మారనీ. మళ్ళీ కూర్చొని చదువుదాం."

అలివేలు నవ్వు ఆపుకుంది. "ఆకలేస్తోంది. తిన్నాక చెప్తాను."

"ఆ పని ముందు చేయండి. సంగటి చల్లారిపోతా ఉండాది" అని నేత్రావతి అందరినీ లేపింది.

కంచంలో గుండ్రటి రాగిసంగటి ముద్ద చూసి అప్పలనాయుడు తికమకపడ్డాడు. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని నమలబోతే పళ్ళకు అంటుకుంది. అలివేలు ఆయన పక్కకు జరిగి, ఒక ముక్క తీసి పులుసులో ముంచి చూపించింది.

"నమలకు నాన్నా. ఇలా ముంచి మింగెయ్యాలి. మా ఇంట్లో ఇలాగే తింటాం."

అనేశాక తనేమన్నదో ఆమెకు తెలిసింది. అప్పలనాయుడు కూతురి వైపు ఒకసారి, హేమంత్ వైపు ఒకసారి చూసి, ఆ ముక్క బుద్ధిగా మింగేశాడు.

నేత్రావతి వచ్చి అలివేలు కంచంలో ఇంకో ముద్ద పెట్టింది.