ఎర్ర దారం కట్టిన బ్రీదర్

ఆకేరు వాగు నడిమధ్యలో బండి ఒక్కసారి మూలిగింది. చెయిన్ పక్కనుంచి ఇంజన్ ఆయిల్ బుస్సున చిమ్మి, నీళ్ల మీద నల్లగా పరుచుకుంది. సురేందర్ ఇంజన్ ఆపి, నడుంలోతు నీళ్లలో బండిని నెట్టుకుంటూ ఒడ్డుకొచ్చి ఇసుకలో పడేశాడు.

"అయిందా సంబురం?" చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. "నీ డబ్బా ఇంజన్ను మింగింది!"

కవిత బండి దగ్గరికి ఉరికింది. పక్కన జనగామ నుంచి వచ్చిన విడిభాగాల వ్యాపారి వెంకట్రాజం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయన తుడిచే తీరులోనే జవాబు కనిపిస్తోంది.

సకల జనుల సమ్మెకు కాలేజీలు మూతపడి, పాలిటెక్నిక్ చదువు మధ్యలో ఇంటికొచ్చిన పిల్ల కవిత. ఖాళీగా కూర్చోలేక మానుకోటలో అన్న సురేందర్ మెకానిక్ షెడ్డులో పానా పట్టింది. బస్సుల్లేక జనం వాగులూ వంకలూ బండ్ల మీదే దాటుతున్న రోజులవి. నీళ్లు తాగిన ఇంజన్లు షెడ్డు ముందు బారులు తీరాయి. ఇంజన్ లోపలి వేడిగాలి బయటికి పోవడానికి బ్రీదర్ అనే సన్నటి పైపు ఉంటుంది. వాగులో మునిగితే ఆ పైపే నీళ్లు పీల్చుకుంటోందని కవిత కనిపెట్టింది.

కనిపెట్టి ఊరుకోలేదు. గుప్పెట్లో పట్టే అల్యూమినియం డబ్బా తయారుచేసింది. గాలితోపాటు వచ్చే ఆయిల్‌ను పట్టుకుని తిరిగి ఇంజన్లోకి దించడానికి అందులో స్టీలు పీచు కూరింది. గాలి బయటికి పోవాలి, నీళ్లు లోపలికి రాకూడదు. అందుకు సైకిల్ వాల్ ట్యూబ్ ముక్క అమర్చింది. డబ్బా నుంచి పైపును హ్యాండిల్ దాకా ఎక్కించింది.

భూపాలపల్లి అడవుల్లో రాళ్లూ బురదా లెక్కచేయకుండా బండ్లు తోలే కుర్రాళ్లంతా వెంకట్రాజం గిరాకీలే. బండి వాగును అటూ ఇటూ దాటితే డబ్బాలను తన షాపులో పెడతానని ఆయన మాటిచ్చాడు. దాటకపోతే కవిత పానా ముట్టడం ఇక బందు. అది అన్న పెట్టిన షరతు. ఆడపిల్లతో ఇంజన్లు విప్పిస్తున్నాడని గిరాకీలు నవ్వడం అతనికి తలకొట్టేసినట్టుగా ఉంది.

కవిత ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంది. డబ్బా విప్పింది, బాగానే ఉంది. పీచు శుభ్రంగా ఉంది. పైపును తడుముతూ హ్యాండిల్ దాకా వెళ్లిన చెయ్యి అక్కడ ఆగిపోయింది.

పైపు మూతి మూసి ఉంది!

మైనంలో ముంచిన గుడ్డముక్కను లోపలికి దట్టించి, పైన ఎర్ర దారంతో బిగించి కట్టారు. గాలి పోయే దారి లేక ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి, చెయిన్ చక్రం వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలును తన్నేసింది.

"అన్నా, తప్పు డబ్బాది కాదు. ఎవరో కావాలని మూసిండ్రు."

సురేందర్ ఆ ఎర్ర దారం చూశాడు. తర్వాత పెళ్లాం గీత వైపు చూశాడు. అద్దాల రవికలు కుట్టే గీత సంచిలో తప్ప ఆ దారం ఇంకెక్కడా ఉండదు.

"నిన్న రొట్టెలు ఇంజన్ ఆయిల్ వాసనొస్తున్నయని కవితతోని లొల్లి పెట్టుకున్నది నువ్వే కదనే?"

"అవ్, పెట్టుకున్న. మొఖం మీదనే పెట్టుకున్న," గీత కొంగు నడుముకు దోపింది. "దారం నాదే. అయితే? గొడ్డలితోని చెట్టు కొడ్తే కమ్మరోని మీద కేసు పెడ్తరా?"

"మాటలు బాగ నేర్చినవ్!"

"నీతోని సంసారం చేస్తే నేర్వకుంట ఎట్లుంట?" అని తిప్పికొట్టి, కవిత వైపు తిరిగింది. "ఆడపిల్ల పొద్దుమాపు ఇనుంతోని కొట్లాడుతుందని బాధయితది. గంతే. దాని నోటికాడి కూడు ఎత్తగొడ్తనా నేను? గంత పాపిష్టిదాన్నా?"

కవిత చూపు చేతిలోని మైనం మీదే ఉంది. గట్టిగా అదిమిన బొటనవేలి ముద్ర అచ్చు దిగి ఉంది. ముద్రకు అడ్డంగా ఏటవాలు గాటు. గొడ్డలి దెబ్బ.

చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే ఆమె నడక నేర్చింది.

తలెత్తి చూసింది. అందరికీ దూరంగా, మోదుగ చెట్టు కింద తండ్రి హీర్యా తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటున్నాడు. చెమట లేని ముఖాన్ని అదేపనిగా తుడుచుకుంటున్నాడు.

ఒకసారి మోటరు పైపులో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి, నీళ్లందక మక్కచేను ఎండిపోయింది. అప్పటినుంచి నోరు తెరిచిన పైపు కనబడితే హీర్యాకు కాలు నిలవదు. తేనెపట్టు మైనంతో మూయందే బువ్వ తినడు.

"సంచిల కొత్త సీలున్నది, వెయ్యి అన్నా," అని చెప్పి, కవిత డబ్బా పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లింది. తండ్రి ఆమె వైపు చూడలేదు.

"నీళ్లు పోతయనుకున్న బిడ్డా," అన్నాడు ఇంటి మాట లంబాడీలో. "పురుగు దూరుతదనుకున్న. నా బిడ్డ చేసిన బండి వాగు దాటుతదని తండ తండంత చెప్పుకున్న. అది ఆగితే నీ మొఖం చిన్నబోతదని... పొద్దుగాల కోడలి సంచిల దారం తీసి నేనే..."

ఈ డబ్బా ఎలా పనిచేస్తుందో కవిత వెంకట్రాజానికి చెప్పింది, షెడ్డుకొచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి గడగడా చెప్పింది. ఇంటి మాటలో బాపుకు మాత్రం ఏనాడూ చెప్పలేదు.

డబ్బా గొట్టాన్ని తండ్రి పెదవుల దగ్గర పెట్టింది.

"ఊదు బాపూ."

ఊదాడు. అటువైపు నుంచి గాలి సర్రున ఆమె అరచేతికి తగిలింది.

"ఇప్పుడు పీల్చు."

పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి గానీ గాలి రాలేదు. మళ్లీ ఊదాడు, మళ్లీ పీల్చాడు. ఆ ముసలి కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి.

"పోనిస్తది. రానియ్యదు!"

"అవ్ బాపూ. ఇంజన్ ఊపిరి గిదే."

"మరి పురుగు?"

కవిత బండి హ్యాండిల్ వైపు చూసింది. సమ్మె పుణ్యమా అని బండ్లు రోజూ తిరుగుతున్నాయి. రేపు బస్సులొచ్చి ఇవి మూలన పడ్డాక? పైపు మూతిలో కుమ్మరి పురుగు గూడు కడితే మళ్లీ ఇదే కథ. ఆ సంగతి తన బుర్రకు తట్టనే లేదు.

లేచి గబగబా వెళ్లి డబ్బా తిరిగి అమర్చి, పెట్రోలు వడగట్టడానికి సంచిలో ఉంచుకున్న టీ జాలీలోంచి చిన్న ముక్క కత్తిరించి పైపు మూతికి బిగించింది. ఈలోగా సురేందర్ సీలు మార్చి, కొత్త ఆయిల్ పోశాడు.

బండి మళ్లీ వాగులో దిగింది. నీళ్లు సీటును తాకాయి. ఇంజన్ చప్పుడు మారలేదు. అవతలి ఒడ్డెక్కి, తిరిగి దిగి, నీళ్లు చీల్చుకుంటూ ఇవతలికి వచ్చింది. తండా పిల్లలు "జై తెలంగాణ!" అని అరిచారు. సురేందర్ బండి దిగీ దిగకుండానే ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాడు. నీటి చుక్క లేదు. నల్లటి చేతులతోనే చెల్లెలి తల నిమిరాడు.

"రేపు షెడ్డుకు జల్దీ రావాలె. పని మస్తున్నది," అన్నాడు ఎటో చూస్తూ.

వెంకట్రాజం మాత్రం నవ్వలేదు. "డబ్బా మంచిగున్నది బిడ్డా. నేను తీసుకుంట. కానీ గా మైనం సంగతి తేలాలె. ఇంట్ల పగోడు ఉంటే రేపు సరుకుల ఏం కలుపుతడో ఎవరికెరుక? అడవిల ఎవని ఇంజనన్న పోతే తిట్లు నాకు. ఎవరు చేసిండ్రు?"

సురేందర్ కళ్లు మళ్లీ గీత మీదికి పోయాయి. గీత చూపు తప్పించి వాగు వైపు తిరిగి నిలబడింది.

చెబితే నలుగురిలో బాపు తల వంగుతుంది. చెప్పకపోతే వదిన మీద మచ్చ నిలుస్తుంది. కవిత మోదుగ చెట్టు వైపు చూసింది. హీర్యా తలగుడ్డ చుట్టుకుంటూ లేచి, మెల్లగా అందరి మధ్యకూ వచ్చాడు. గాటు పడ్డ బొటనవేలు పైకెత్తాడు.

"చెప్పు బిడ్డా. కోడలి మీద మాట ఉండొద్దు."

గీత గిర్రున వెనక్కి తిరిగింది. సురేందర్ నోరు తెరుచుకుపోయింది.

కవిత ఆ గరుకు చేతిని తన ఆయిల్ చేతిలోకి తీసుకుంది.

"పగోడు కాదు శేటూ. నేను ఓడిపోవద్దని అందరికంటె ముందుగాల లేచినోడు. ఆయన మూసిండు కాబట్టే మూతికి జాలీ వచ్చింది. ఇగ మీదట మీరు అమ్మే ప్రతి డబ్బాకు గా జాలీ ఉంటది." తల ఎత్తి, ఒడ్డు మీద అందరికీ వినబడేలా అంది.

"చేసింది హీర్యా. మా బాపు!"