తొమ్మిదో నంబరు గుర్రం

పెద్ద పందెం ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. గెలిచిన టికెట్లకి డబ్బిచ్చే కిటికీ దగ్గర నా డ్యూటీ. మా ఆయన ఆ పందెం మైదానంలోనే గుర్రాల్ని చూసుకునే సాయిసు. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, అక్కడే జాకీగా ఉండేవాడు. కిందటేడు పెద్ద పందెంలో, ఆఖరి మలుపు దగ్గర, తొమ్మిదో నంబరు గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. గుర్రం కూడా మళ్ళీ లేవలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు, గట్టిగా నవ్వనూ లేదు. అత్తయ్య వండుతుంది, మేం తింటాం. ఆరేళ్ళ మా పాప మాత్రం బాబాయ్ ఎప్పుడొస్తాడని అడిగేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది. ఈసారి పందెం రోజు సెలవు పెట్టమని అందరూ అన్నారు. ఇంట్లో కూర్చుని చేసేదేముందని వెళ్ళాను.

ఈ ఏడాది పరిగెత్తినవి ఎనిమిది గుర్రాలే. ఎవరూ నమ్మని గుర్రం గెలవడంతో నా కిటికీకి పెద్దగా ఎవరూ రాలేదు. ఓడినవాడు ఇక్కడ ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడని, కోర్టు సామెత మనకీ సరిపోతుందని పక్క కిటికీ పెద్దాయన నవ్వించబోయాడు. నవ్వాననే అనుకుంటాను.

సాయంత్రానికి వాన పట్టింది. జనం వెళ్ళిపోయారు. చించి పారేసిన టికెట్లు నాని నేలకి అంటుకుపోయాయి. తడి గడ్డి వాసన. దాని వెనకే గుర్రం చెమట వాసన... లాయం మైదానానికి అవతలి చివర ఉంది. ఆ వాసన ఇక్కడిదాకా ఎప్పుడూ రాదు.

కిటికీ మూయబోతుంటే అద్దం కింద నుంచి ఒక టికెట్ లోపలికి జరిగింది. తొమ్మిదో నంబరు.

ఆ నంబరు అసలు పరిగెత్తలేదని చెప్పాను. అవతలి మనిషి ముఖం గొడుగు నీడలో ఉంది. మెషీన్లో పెట్టి చూడమ్మా అన్నాడు, మర్యాదగానే. ఓడిన టికెట్ పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆకుపచ్చది వెలిగింది.

నాకు భయం వేయాలి. వేయలేదు. డబ్బు తీసి ఇచ్చాను.

అతని వెనక ఇంకొకరు. ఆ వెనక మరొకరు... అందరివీ తొమ్మిదే. తోపులాట లేదు, కేకలు లేవు. గెలిచినవాళ్ళు అంత నిశ్శబ్దంగా నిలబడటం నేనెన్నడూ చూడలేదు.

ఆఖర్న ఒక ముసలామె వచ్చింది.

"ఈ నంబరు మీకెవరు చెప్పారు?" గొంతు తగ్గించి అడిగాను.

"గుర్రం ఎక్కేవాడే చెప్పాడమ్మా. ఈసారి పడడట. కళ్ళెం పట్టడానికి ఇంట్లోవాళ్ళే తోడొస్తున్నారట."

పక్క నుంచి పెద్దాయన మెల్లిగా పిలిచాడు. "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

మళ్ళీ చూసేసరికి కిటికీ ముందు వాన తప్ప ఏమీ లేదు.

మా ఆయనకే ఏదో అయిందనుకున్నాను. లాయానికి పరుగెత్తాను. ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఒక గుర్రాన్ని తోముతున్నాడు. ప్రాణం లేచొచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఆయన చేతిలో బ్రష్ ఆగలేదు.

"పొద్దున తమ్ముడు నాకు కనిపించాడు," అన్నాడు. "తోడు రమ్మన్నాడు. నా బరువుకి గుర్రం కదలదురా అన్నాను."

"తర్వాత?"

"మరి ఇంట్లో తేలికైనవాళ్ళెవరున్నారని అడిగాడు..."

"మీరేమన్నారు?"

ఆయన బ్రష్ కింద పెట్టాడు. "ఏమీ అనలేదు. కలేమో అనుకున్నాను."

ఇంటికి నడిచాం. వీధి మలుపు దాటాక ఎవరు ముందో తెలియదు, ఇద్దరం పరుగెత్తాం. పాప మధ్యాహ్నం నుంచీ నిద్రపోతోందని, లేపినా లేవలేదని అత్తయ్య చెప్పింది, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టుగా.

పాప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. ఊపిరి ఆడుతోంది. రెండు పిడికిళ్ళూ బిగించి ఉన్నాయి. ఒక్కొక్క వేలే లాగి విప్పాను. అరచేతుల్లో అడ్డంగా ఎర్రటి వాతలు... తోలు పట్టీ ఒరుసుకుపోయినట్టు.

కళ్ళు తెరవకుండానే మళ్ళీ పిడికిళ్ళు బిగించింది.

"వదల్లేదు బాబాయ్," అంది. "ఇంకెంత దూరం?"