గుర్తు పెట్టిన చోట సంతకం

పొద్దున్నే భర్త భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే ఆమెకు కొత్తేమీ అనిపించలేదు. బీమా ఆఫీసులో ఫారాలు చూసే మనిషి. పాప బడి కాగితాల దగ్గర్నుంచి గ్యాస్ కనెక్షన్ దాకా ఇంటికి ఏ ఫారం వచ్చినా ఆయనే నింపుతాడు. ఆయన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం చేయడమే ఆమె పని. పదమూడేళ్లుగా చేస్తూనే ఉంది.

"ఇక్కడొకటి, వెనకాల ఒకటి. త్వరగా కానీ, పదింటికి ఆసుపత్రిలో ఉండాలి."

ఆమె తడి చేతులు తుడుచుకుని పెన్ను అందుకుంది. కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఏ కాగితం కనిపించినా సన్న అక్షరాల మీదికి చూపు దానంతటదే పోతుంది. 'గత నాలుగు వారాల్లో మీకు లైంగిక కోరిక ఎంత తరచుగా కలిగింది?' ఎదురుగా 'దాదాపు ఎప్పుడూ లేదు' అన్న గడిలో టిక్కు. కింద, 'ఇది మిమ్మల్ని ఎంత బాధపెడుతోంది?' అక్కడ 'చాలా ఎక్కువగా'. ఆ టిక్కు ఎంత గట్టిగా కొట్టాడో, కాగితం వెనక్కి అచ్చు దిగింది.

"ఇవి నన్ను అడిగినవి కదండీ?"

"ఇందులో నాకు తెలియనివేమున్నాయి? డాక్టరు చూస్తే ఏదో మందిస్తాడు. నీ మంచికే చెప్తున్నా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా సంతకం పెట్టేసింది. అలవాటు అంత పాడుది మరి!

ఆసుపత్రిలో నర్సు ఫారం తిరగేసి సంతకాన్నీ పైన రాతనూ మార్చి మార్చి చూసింది. "ఇది మీరు రాసిందేనా అమ్మా?"

"నేను రాశాను," అన్నాడాయన, మెచ్చుకుంటుందేమో అన్నట్టు.

"ఇది ఆవిడ రాయాల్సింది సార్. మీరు కాసేపు బయట కూర్చోండి."

కొత్త ఫారంతో గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. దుకాణానికి వచ్చినవాళ్లను రోజంతా అడుగుతుంది, "ఇది బాగా కనిపిస్తోందా, అదా? తొందరేం లేదు, చూసుకుని చెప్పండి," అని. తననెవరూ అలా అడిగిన గుర్తు లేదు. పంతొమ్మిది ప్రశ్నలకు అరగంట పట్టింది.

నర్సు మార్కులు కూడి, ఆమె సరేనన్నాకే ఆయన్ను లోపలికి పిలిచి ఆ ఫారం చూపించింది. "కోరిక మార్కులు తక్కువే. కానీ బాధ దగ్గర సున్నా ఉంది. ఆవిడకు బాధ లేనప్పుడు దీన్ని జబ్బనరు సార్."

"బాధ లేకపోవడమేమిటి? నేను పడుతున్నాగా!"

"మీ బాధకు ఇందులో గడి లేదండీ."

బస్టాపులో ఎవరూ లేరు. బెంచీ మీద కూర్చున్నాడో లేదో అందుకున్నాడు. "బాధే లేదన్నమాట నీకు!"

"బాధపడ్డం ఎప్పుడో అయిపోయిందండీ."

"మరి కోరిక దగ్గర 'కొన్నిసార్లు' అని పెట్టావే? ఎప్పుడది?"

"మీరు ట్రైనింగుకి వెళ్లిన వారంలో."

ఆయన ముఖం మాడిపోయింది. "ఎవరిని తలుచుకుని?"

"మిమ్మల్నే. పెళ్లయిన కొత్తలో, 'అలిసిపోయావా?' అని అడిగేవారు. అవునంటే చెయ్యి పట్టుకుని పడుకునేవారు. ఆ మనిషి గుర్తొచ్చాడు ఆ వారమంతా. మీరు తిరిగొచ్చారు, ఆయన మళ్లీ పోయాడు. ఇప్పుడు నన్నేం అడుగుతున్నారు మీరు? రాత్రి నా వైపు తిరిగితే చాలు, నా జవాబు కూడా మీరే చెప్పేసుకుంటారు!"

ఆయన ఎదుటివాళ్ల ఫారంలో తప్పు పట్టుకోవడంలో ఆఫీసంతటికీ మొనగాడు. తను నింపినదాంట్లో తప్పు పట్టుకోవడం ఇదే మొదలు. బస్సు వచ్చింది, ఇద్దరూ లేవలేదు, వెళ్లిపోయింది.

ఆయన సంచిలోంచి పొద్దుటి ఫారం తీసి చింపేశాడు. వచ్చేటప్పుడు నర్సు ఇచ్చిన ఇంకో ఖాళీ ఫారం ఒళ్లో పెట్టుకుని, పెన్ను తీసి ఆఫీసు గొంతుతోనే మొదలుపెట్టాడు. "గత నాలుగు వారాల్లో మీకు..." చదవడం ఆపి మెల్లగా అడిగాడు. "నువ్వే చెప్పు. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు."

రోజూ తను నలుగురికీ చెప్పే మాట. అది విన్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"నాకే తెలీదండీ," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఇన్నేళ్లూ మీరే రాసేశారుగా."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు.